మీగడ మునగని కాఫీ

మా బావగారు ఎప్పుడో ఒక విమాన ప్రయాణంలో, మధ్యలో దిగిన చోట, ఐరిష్ కాఫీ తాగారట. పదేళ్లయినా దాని గురించి చెప్పడం మానలేదు. "కింద నల్లటి కాఫీ, పైన వేలి మందాన తెల్లటి మీగడ. రెండూ కలవవు. ముందు పెదవికి చల్లగా తగులుతుంది, వెనకే వేడి కాఫీ వస్తుంది" అని గాల్లో గీత గీసి మరీ చూపిస్తారు.

ఆ వారం అక్కా బావగారూ శనివారం రాత్రి మా ఇంటికి వస్తామన్నారు. ఆ కాఫీ నా చేత్తో కలిపి ఆయనకు ఇవ్వాలని సోమవారమే అనుకున్నాను. చేతిలో ఐదు రోజులున్నాయి. కావలసినవి చూస్తే నాలుగే: వేడి కాఫీ, పంచదార, ఐరిష్ విస్కీ, క్రీమ్. ఇంటర్నేషనల్ బార్‌టెండర్స్ అసోసియేషన్ వాళ్ల కొలత కూడా దొరికింది. 120 మిల్లీలీటర్ల వేడి కాఫీ, 50 మిల్లీలీటర్ల ఐరిష్ విస్కీ, 50 మిల్లీలీటర్ల చల్లటి క్రీమ్, ఒక చెంచా పంచదార. ఇంత చిన్న లెక్కకి వారం రోజుల సాధన దేనికి అనిపించింది. కానీ సాధన అవసరమే అయింది.

మొదట దగ్గర దారి ఒకటి కనిపించింది. బెయిలీస్ లాంటి క్రీమ్ లిక్కర్ తెచ్చి వేడి కాఫీలో పోసేయడం. 1974లో ఐర్లండ్‌లో మొదలైన బెయిలీస్‌లో విస్కీ, క్రీమ్ రెండూ ముందే కలిసి ఉంటాయి కాబట్టి ఎవరు పోసినా చెడదు. రుచికి వంక పెట్టలేం. కాకపోతే పోయగానే కాఫీలో కలిసిపోతుంది, పొర కట్టదు. బావగారు పదేళ్లుగా చెబుతున్నది ఆ పొర గురించే. అందుకే దాన్ని పక్కన పెట్టేశాను.

సోమవారం రాత్రి మొదటిసారి. చిక్కటి కాఫీ కాచి, విస్కీ పోసి, ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమ్‌ని ప్యాకెట్ నుంచి నేరుగా గ్లాసులోకి వంచాను. రాయి పడ్డట్టు అడుక్కి పోయింది. మరుక్షణం అడుగు నుంచి మబ్బులా పైకి లేచి గ్లాసంతా మట్టిరంగుకి తిరిగింది. తాగితే మామూలు పాల కాఫీలో మందు కలిపినట్టుంది. ప్యాకెట్ తిప్పి చూస్తే కొవ్వు 25 శాతం అని ఉంది. అది కూరల్లోకీ సూపుల్లోకీ వాడే క్రీమ్. దాన్ని ఎంతసేపు గిలక్కొట్టినా గాలిని పట్టి ఉంచుకోదు. గాలి నిలవాలంటే కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి, 35 పైన ఉంటే ఇంకా నయం. అమ్మేటప్పుడు విప్పింగ్ క్రీమ్ అంటారు. అందులోనూ రెండు రకాలున్నాయి. ఒకటి పాలతో చేసింది, ఇంకొకటి కేకుల మీద పెట్టడానికి వంటనూనె కొవ్వుతో, పంచదార ముందే కలిపి చేసింది. రెండోది తేలుతుంది కానీ నోట్లో మైనంలా అంటుకుంటుంది. ప్యాకెట్ వెనక రాసింది చదివి, పాలతో చేసిందే తీసుకోవాలి. కాచిన పాల మీద తీసిన మీగడ పనికొస్తుందా అని కూడా చూశాను. అది తెట్టుగా, ముక్కలుగా ఉంటుంది, ధారగా జారదు.

మంగళవారం 35 శాతం క్రీమ్ తెచ్చాను. ఈసారి మునగకూడదన్న పట్టుదలతో గిన్నెలో వేసి బాగా గిలక్కొట్టాను. గట్టిపడింది, గిన్నె బోర్లించినా పడనంత. చెంచాతో తీసి కాఫీ మీద పెడితే తేలింది, సందేహం లేదు. కానీ ముద్దలా కూర్చుంది. గ్లాసు వంచితే ఆ ముద్ద వచ్చి ముక్కుకి తగులుతుంది, కాఫీ మాత్రం పక్క నుంచి కారుతుంది. చల్లదనం, వేడి ఒకే గుక్కలో రావాలంటే మీగడ కూడా ద్రవంగానే ఉండాలని అప్పుడు అర్థమైంది. మిగిలిన క్రీమ్‌ని ఇంకాస్త గిలక్కొడితే ఏమవుతుందో చూద్దామని కొట్టాను. అర నిమిషంలో రవ్వ రవ్వగా విడిపోయి, అడుగున నీళ్లు తేలాయి. వెన్న. పెరుగు చిలికినప్పుడు జరిగేదే ఇక్కడా జరిగింది. చల్లటి క్రీమ్‌లో కొవ్వు చిన్న చిన్న గోళాలుగా ఉంటుంది. కదిలించిన కొద్దీ అవి ఒకదానికొకటి అంటుకుంటూ గాలి బుడగల చుట్టూ గోడ కడతాయి. మరీ కదిలిస్తే గోడలు కూలి కొవ్వంతా ఒక్కచోటికి చేరుతుంది. క్రీమ్ వెచ్చగా ఉంటే కొవ్వు మెత్తబడిపోయి అసలు గోడే కట్టదు. అందుకే క్రీమ్, పాత్ర రెండూ ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి.

గిన్నెలో కొడితే ఎక్కడ ఆపాలో నా చేతికి తెలియడం లేదు. అందుకని బుధవారం పద్ధతి మార్చాను. మూత గట్టిగా పట్టే చిన్న గాజు సీసా ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి, అందులో 50 మిల్లీలీటర్ల క్రీమ్ పోసి ఊపాను. ఇది ఎవరికైనా చెప్పాల్సిన సంగతి, ఎందుకంటే ఇక్కడ చూపు కన్నా చెవి ఎక్కువ పని చేస్తుంది. మొదటి ఐదారు ఊపులకి నీళ్లు కదిలినట్టు గలగలమంటుంది. పది, పదిహేను ఊపుల దగ్గర ఆ చప్పుడు మందగించి దబ్ దబ్ అని బరువుగా వినిపిస్తుంది. అక్కడే ఆపేయాలి. చప్పుడు పూర్తిగా ఆగిపోయిందంటే క్రీమ్ గట్టిపడి గోడకి అతుక్కుందన్నమాట, సమయం దాటిపోయింది. సరైన చోట ఆపి చూస్తే గరిటెజారుగా ఉంటుంది. చెంచా ముంచి తీసి, వెనకవైపు వేలితో గీత గీస్తే ఆ గీత చెరిగిపోకుండా నిలుస్తుంది. వంచితే రిబ్బన్‌లా జారుతుంది.

అంత బాగా కుదిరిన క్రీమ్ కూడా ఆ రాత్రి మునిగింది. ఈసారి రాయిలా కాదు. ఒక్క క్షణం తేలి, అంచుల దగ్గర నుంచి తెల్లటి దారాలు కిందికి దిగడం మొదలైంది. గ్లాసు పక్కన కూర్చుని కన్నార్పకుండా చూశాను. ఒక దారం అడుగుదాకా దిగి ఉంగరంలా చుట్టుకుంది. దాని వెనకే ఇంకొకటి. రెండు నిమిషాల్లో పై పొర సగానికి తగ్గింది. చాలా బాధేసింది. కొవ్వు సరైనదే, చల్లదనం సరిపోయింది, ఊపడం కుదిరింది, చెంచా మీదుగానే పోశాను. ఇంకేం మిగిలిందో తోచలేదు.

ఏదో పని మీద అక్క ఫోన్ చేస్తే ఆ టెన్షన్‌లో విషయం మొత్తం చెప్పేశాను. బావగారికి చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను. ఆమె అంతా విని, "పంచదార ఎంత వేశావు?" అంది.

"వెయ్యలేదక్కా. నేను కాఫీలో పంచదార వేసుకోను కదా."

"చిన్నప్పుడు ఉప్పునీళ్లలో గుడ్డు తేలేలా చేసి చూపించాను, గుర్తుందా? మంచినీళ్లలో మునిగిన గుడ్డే ఉప్పు కలిపితే పైకి వచ్చింది. నీ కాఫీలో ఉప్పు లేదు, పంచదారా లేదు. మరి దేని మీద తేలమంటావురా దాన్ని?"

ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పంచదారని నేను రుచి లెక్కలో వేసి తీసేశాను. తేలడానికి ఆధారమే అది. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు స్వచ్ఛమైన ఆల్కహాల్ 790 గ్రాములే తూగుతుంది. అంటే విస్కీ పోసినప్పుడల్లా కాఫీని తేలిక చేస్తున్నాను. పైగా వేడి నీళ్లు చల్లటి నీళ్లకన్నా తేలిక. ఫ్రిజ్‌లోంచి వచ్చిన క్రీమ్ చూస్తే దాదాపు నీళ్లంత బరువు. ఇటు తేలికైన వేడి కాఫీ, అటు బరువైన చల్లటి క్రీమ్. మునగక ఏం చేస్తుంది? క్రీమ్‌లోకి గాలి ఎక్కించి దాన్ని తేలిక చేయాలి, కాఫీలో పంచదార కరిగించి దీన్ని బరువు చేయాలి. రెండు వైపుల నుంచీ పని జరగాలి. నేను ఒకవైపే చేస్తూ వచ్చాను.

అక్క మాట నిజమో కాదో కళ్లతో చూడాలనిపించి, గురువారం రెండు చిన్న గాజు గ్లాసులు పక్కపక్కన పెట్టాను. రెండింట్లోనూ సగం కొలత కాఫీ, సగం కొలత విస్కీ. ఒక దాంట్లో మాత్రం ఒక చెంచా పంచదార. క్రీమ్‌ని కావాలనే కాస్త తక్కువగా, పల్చగా ఊపాను, తేడా తెలియాలని. పంచదార లేని గ్లాసులో నిన్నటిలాగే దారాలు దిగాయి. పంచదార ఉన్న గ్లాసులో క్రీమ్ చెంచా మీద నుంచి జారి, అంచు దాకా పాకి, ఆగింది. కాఫీకీ క్రీమ్‌కీ మధ్య గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. పక్క నుంచి చూస్తే ఆ గీత దగ్గర సన్నటి తేనెరంగు అంచు. గ్లాసు ఎత్తి దీపానికి అడ్డం పెట్టాను, మెల్లగా అటూ ఇటూ వంచాను. గీత కూడా కాఫీతో పాటే వంగి, మళ్లీ సర్దుకుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి గట్టిగా నవ్వాను.

ఈ క్రీమ్ మునగడం అన్నది నా ఒక్కడి బాధ కాదని అదే రాత్రి చదివాను. ఈ పానీయం పుట్టింది ఐర్లండ్‌లో లిమరిక్ కౌంటీలోని ఫాయిన్స్‌లో. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో షానన్ నది ఒడ్డున అక్కడ నీళ్ల మీద దిగే విమానాల స్టేషన్ ఉండేది. 1943 చలికాలంలో ఒక విమానం వాతావరణం బాగాలేక వెనక్కి వస్తే, చలికి వణుకుతున్న ప్రయాణికుల కోసం అక్కడి వంటమనిషి జో షెరిడాన్ కాఫీలో విస్కీ కలిపి ఇచ్చాడని చెబుతారు. ఆ తరవాత 1952లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్యూనా విస్టా అనే కెఫే యజమాని జాక్ కెప్లర్, స్టాంటన్ డెలాప్లేన్ అనే పత్రికా రచయిత కలిసి దాన్ని అచ్చంగా అలాగే చేయాలని కూర్చున్నారు. ఆ కెఫే వాళ్లు చెప్పుకునే కథలో వాళ్లకి అడ్డొచ్చింది కూడా ఇదే. ఎన్నిసార్లు పోసినా క్రీమ్ మునిగిపోయేదట. చివరికి పాల వ్యాపారం ఉన్న జార్జ్ క్రిస్టఫర్ (తరవాత ఆ నగరానికి మేయర్ అయ్యాడు) సాయంతో, క్రీమ్‌ని 48 గంటలు నిలవ ఉంచి, సరిగ్గా సరిపోయేంతే గిలక్కొడితే తేలుతుందని తేల్చారు. వ్యాపారం చేసేవాళ్లకే అంత కష్టమైందంటే, నాకు నాలుగు రాత్రులు పట్టడంలో ఆశ్చర్యం లేదనిపించి మనసు కుదుటపడింది.

శుక్రవారం పూర్తి కొలతతో రిహార్సల్. ఆ రోజు రెండు చిన్న దెబ్బలు తగిలాయి. మొదటిది గ్లాసు. ముచ్చటపడి కాడ ఉన్న మందపాటి గ్లాసు తీసి, అందులో సలసల కాగే కాఫీ ఒక్కసారిగా పోశాను. టక్‌మని అడుగు నుంచి పైకి చీలిక. లోపలి గాజు వేడికి వ్యాకోచిస్తుంది, బయటి గాజు ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ లాగుడుకి పగులుతుంది. గాజు మందం ఎక్కువైన కొద్దీ ఈ ప్రమాదం ఎక్కువ. అప్పటినుంచీ వేడికి తట్టుకునే గ్లాసే వాడుతున్నాను. దాంట్లో కూడా ముందు గోరువెచ్చటి నీళ్లు, తరవాత వేడి నీళ్లు పోసి ఒక నిమిషం ఉంచి పారబోస్తాను. దీనివల్ల కాఫీ త్వరగా చల్లారదు కూడా.

రెండోది, క్రీమ్‌లో సన్నటి పలుకులు కనపడటం. విరిగింది. ఆ ప్యాకెట్ తెరిచి నాలుగు రోజులైంది. వాసన చూస్తే బాగానే ఉంది కానీ లోలోపల పులవడం మొదలైనట్టుంది. కాఫీకి సహజంగానే కొంచెం పులుపు ఉంటుంది, పైన వేడి. క్రీమ్ ఏ మాత్రం పాతబడినా ఆ రెండూ కలిసి విరిచేస్తాయి. శనివారానికి కొత్త ప్యాకెట్ తెచ్చాను, కాఫీ కూడా పులుపు తక్కువగా ఉండే ముదురు వేపుడు గింజలకి మార్చాను. ముదురు వేపుడులోని చేదు విస్కీకి బాగా నప్పింది కూడా.

శనివారం భోజనాలయ్యాక వంటింట్లోకి ఎవరినీ రావద్దన్నాను. బావగారు హాల్లోంచి "ఏమయ్యా, ఏం జరుగుతోంది లోపల?" అంటూనే ఉన్నారు. అక్క నోరు విప్పలేదు.

గ్లాసు వేడి చేసి నీళ్లు పారబోశాను. రెండు చిన్న చెంచాల పంచదార వేశాను. అసోసియేషన్ కొలతలో ఒకటే ఉంది, నేను రెండు దగ్గర స్థిరపడ్డాను, ఎందుకంటే ఇంటి చేతికి కాస్త ఆసరా ఎక్కువ ఉంటే మంచిది. పొయ్యి మీద నుంచి దించి ఒక నిమిషం ఆగిన కాఫీ 120 మిల్లీలీటర్లు పోసి, అడుగున పలుకు తగలకుండా పోయేదాకా తిప్పాను. పంచదార విస్కీలో సరిగ్గా కరగదు, అందుకే ముందు కాఫీలోనే కరగాలి. ఆ తరవాతే విస్కీ, 40 మిల్లీలీటర్లు. విస్కీ కలిపాక మళ్లీ పొయ్యి ఎక్కించకూడదు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరి ముక్కుని మండిస్తుంది, మంట దగ్గర అంటుకునే ప్రమాదమూ ఉంది. గ్లాసులో పైన రెండు వేళ్ల ఖాళీ వదిలాను. కాఫీ తిరగడం ఆగేదాకా ఆగాను. తిరుగుతున్న కాఫీలో పోస్తే ఎంత మంచి క్రీమైనా కలిసిపోతుంది.

చల్లటి సీసా ఊపాను. గలగల, తరవాత దబ్ దబ్. ఆపాను. చెంచా బోర్లించి, దాని కొన కాఫీకి తగిలీ తగలనట్టు పట్టుకుని, వెనక మీదుగా క్రీమ్ జార్చాను. మట్టం పెరిగిన కొద్దీ చెంచా పైకి లేపుతూ వచ్చాను. ఆ చెయ్యి వణకకుండా ఉండటానికి ఊపిరి బిగబట్టాను. తెల్లటి పొర అంచు దాకా పాకి నిలబడింది.

అక్క మందు ముట్టదు. ఆమెకి విస్కీ లేకుండా, మిగతావన్నీ అవే కొలతలతో చేశాను. విచిత్రమేమిటంటే అక్క గ్లాసులో పొర ఇంకా తేలిగ్గా కట్టింది. కాఫీని తేలిక చేసే విస్కీ అందులో లేదు కదా. కొత్తగా చేసేవాళ్లెవరైనా ముందు ఇలా విస్కీ లేకుండా రెండుసార్లు చేసుకుంటే చెయ్యి తిరుగుతుంది. ఇది ముందే తెలిసుంటే నాకు సగం సీసా మిగిలేది.

గ్లాసులు హాల్లోకి తీసుకెళ్లాను. "తీసుకోండి బావగారూ. కలపొద్దు" అని మాత్రం అన్నాను. చెంచా కూడా ఇవ్వలేదు. ఆయన గ్లాసు కళ్లకెదురుగా ఎత్తి పట్టుకున్నారు. ఏమీ అనలేదు. ఒక గుక్క తాగారు. పై పెదవి మీద తెల్లటి గీత. కళ్లు మూసుకున్నారు.

"ఇదే" అన్నారు కాసేపటికి.

తరవాత అడిగిన మాట మాత్రం "ఇంకొకటి చేస్తావా?" అన్నది. ఒక్కటి చాలని చెప్పాను. కాఫీ ఉంది కాబట్టి మందు తలకెక్కదని చాలామంది అనుకుంటారు. కెఫీన్ నిద్రమత్తుని కప్పిపెడుతుందే తప్ప ఒంట్లో ఆల్కహాల్‌ని ఒక్క చుక్క కూడా తగ్గించదు. తాగినవాళ్లకి తెలివిగానే ఉన్నామనిపిస్తుంది, అదే ప్రమాదం. నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే అక్క కారు తాళాలు తీసి తన బ్యాగులో వేసుకుంది. "నా గ్లాసులో కాఫీయే కదా, నేను నడుపుతాను" అంది.

వాళ్లు వెళ్లాక గ్లాసులు తీశాను. బావగారి గ్లాసు అడుగున ఇంకా ఒక పల్చటి తెల్లటి పొర ఉంది. చివరి గుక్క దాకా మీగడ మీగడగానే ఉందన్నమాట. లోపలి గోడ మీద ఆయన తాగిన ప్రతి గుక్కకీ ఒక తెల్లటి వలయం, ఒకదాని కింద ఒకటి. కడిగే ముందు లెక్కపెట్టాను. పదకొండు.